సాయం లెక్కలు పైకే ఎందుకు పోతాయి

2021లో హైదరాబాద్‌లో మిత్ర్ క్లినిక్ మొదలైంది. ట్రాన్స్‌జెండర్ల కోసం, చాలావరకు ఆ సముదాయం మనుషులే నడిపిన క్లినిక్ అది. దేశంలో అలాంటివాటిలో అదే మొదటిది. హార్మోన్ చికిత్స, హెచ్‌ఐవీ పరీక్షలు, మానసిక సలహా అన్నీ ఒకే కప్పు కింద, ఎగాదిగా చూసేవాళ్లెవరూ లేకుండా దొరికేవి. ఖర్చు అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ భరించేది. 2025 జనవరి 20న ట్రంప్ విదేశీ సాయాన్ని నిలిపేస్తూ సంతకం పెట్టారు. ఆ తర్వాత కొద్ది రోజులకే క్లినిక్ మూతపడింది. అక్కడికి వచ్చేవాళ్లను అడిగి తీసుకున్న నిర్ణయం కాదది. అడగాలన్న నియమం కూడా ఎక్కడా లేదు.

క్లినిక్కు వచ్చింది వరద సాయమో కరువు సాయమో కాదు, నిజమే. కానీ డబ్బు వచ్చిన దారి అదే, ఆగిన తీరూ అదే. అంతర్జాతీయ మానవతా సాయం మొత్తం ఇలాగే కట్టి ఉంది. డబ్బు ఇచ్చేవాళ్లకు జవాబు చెప్పడం తప్పనిసరి. ఎవరి పేరు చెప్పి ఆ డబ్బు తెచ్చారో వాళ్లకు జవాబు చెప్పడం మాత్రం సంస్థల మంచితనం మీద ఆధారపడిన విషయం. ఈ రంగంలో దొంగలు లేరని ఎవరూ అనరు. అయితే దొంగలు పట్టుకుపోయేదానికన్నా, నిజాయితీగా పనిచేసే మనుషులు పైవాళ్ల మెప్పు కోసం రాసే రిపోర్టుల వల్ల జరిగే నష్టం ఎక్కువ. సాయం గురించి జరిగే చర్చల్లో ఈ రెండో సంగతి అరుదుగా వినిపిస్తుంది.

డబ్బు ఎలా దిగుతుందో చూస్తే కారణం తెలుస్తుంది. యూరప్‌లోనో అమెరికాలోనో పన్ను కట్టిన మనిషి సొమ్ము ముందు అక్కడి ప్రభుత్వానికి, ఆ ప్రభుత్వం నుంచి ఐక్యరాజ్యసమితి సంస్థకు, దాని నుంచి పెద్ద అంతర్జాతీయ ఎన్జీవోకు, దాని నుంచి స్థానిక సంస్థకు చేరుతుంది. డేరాలో ఉన్న కుటుంబం దగ్గరికి వచ్చేసరికి అది ఒక బియ్యం సంచీ, ఒక టార్పాలిన్ అవుతుంది. ప్రతి మెట్టు దగ్గరా కొంత నిర్వహణ ఖర్చు మినహాయిస్తారు. ప్రతి మెట్టూ పైమెట్టుకు రిపోర్టు రాస్తుంది. చివరి మెట్టు మీదున్న కుటుంబం ఎవరికీ రిపోర్టు రాయదు, ఎవరి రిపోర్టూ చదవదు. కిరాణా కొట్లో తూకం తగ్గితే మర్నాడు పక్క కొట్టుకు పోతాం, కొట్టువాడికి ఆ భయం ఉంటుంది. సాయం పంచేవాళ్లకు ఆ భయం లేదు. కొనేది ఒకరు, వాడుకునేది ఇంకొకరు. సరుకు బాగాలేకపోతే ఆ సంగతి కొన్నవాడికి చేరే దారి ఒక్కటే, పంచినవాడు స్వయంగా చెప్పడం.

ఈ దూరం ఎంత ఉందో హైతీ చూపించింది. 2010 జనవరి 12న అక్కడ భూకంపం వచ్చినప్పుడు అమెరికన్ రెడ్‌క్రాస్‌కు దాదాపు 50 కోట్ల డాలర్ల విరాళాలు వచ్చాయి. లక్షా ముప్ఫై వేలమందికి పైగా ఇళ్లు సమకూర్చామని సంస్థ చెప్పుకుంది. 2015 జూన్‌లో అమెరికా వార్తాసంస్థలు ప్రోపబ్లికా, ఎన్‌పీఆర్ విలేఖరులు వెళ్లి వెతికితే సంస్థ కట్టిన శాశ్వతమైన ఇళ్లు ఆరే తేలాయి. మిగతా అంకెలోకి తాత్కాలిక గుడారాలు, అద్దె సాయం, ఇళ్లు కట్టడంలో శిక్షణ పొందినవాళ్లు కూడా వచ్చి చేరారు. సంస్థ ఆ కథనాన్ని ఒప్పుకోలేదు, తమ పనిని తప్పుగా చూపారంది. దాతలు ఇచ్చిన ప్రతి డాలర్‌లో 91 సెంట్లు హైతీకే ఖర్చయ్యాయన్న మాట మీద కూడా ప్రశ్నలు వచ్చాయి. ఎందుకంటే ఆ 91 సెంట్లలో చాలా భాగం వేరే సంస్థలకు వెళ్లింది, ఆ సంస్థలు మళ్లీ తమ నిర్వహణ ఖర్చులు తీసుకున్నాయి. 2016లో అమెరికా సెనేటర్ చక్ గ్రాస్లీ విచారణ నివేదిక ప్రకారం వచ్చిన సొమ్ములో దాదాపు నాలుగో వంతు సంస్థ సొంత ఖర్చులకే పోయింది.

జేబులో వేసుకున్నారన్న ఆరోపణ ఇందులో లేదు. భూముల పట్టాలు స్పష్టంగా లేని దేశంలో ఇళ్లు కట్టడం కష్టమైంది, స్థానిక భాష తెలిసిన సిబ్బంది చాలలేదు, పని నడవలేదు. ఆ సంగతిని ఉన్నదున్నట్టు చెబితే దాతలు తిట్టేవాళ్లు, కానీ కొన్ని నిధులు వేరే పనికైనా మళ్లేవి. చెప్పకుండా అంకెను సాగదీశారు. లోపల ఎంతోమంది చేతులు పడ్డాక తయారైన ఆ అంకెకు ఎవరు బాధ్యులో చెప్పలేం. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు అయిపోయింది.

అదే హైతీలో అదే ఏడాది అక్టోబర్‌లో ఇంకా ఘోరం జరిగింది. అంతకుముందు ఆ దేశంలో కలరా నమోదైన దాఖలాలు లేవు. మీర్‌బాలే దగ్గర ఐరాస శాంతిదళాల శిబిరం నుంచి మలినాలు నదిలో కలిశాయి. అక్కడ ఉన్నది నేపాల్ నుంచి వచ్చిన దళం. కలరా దేశమంతా పాకి దాదాపు పదివేల మందిని చంపింది, ఎనిమిది లక్షలమందికి సోకింది. శాస్త్రీయ ఆధారాలు త్వరగానే బయటికొచ్చినా ఐరాస ఏళ్ల తరబడి బాధ్యత ఒప్పుకోలేదు. బాధితులు న్యూయార్క్ కోర్టుకు వెళ్తే, 1946 నాటి ఒప్పందం ప్రకారం ఐరాసకు కోర్టుల నుంచి మినహాయింపు ఉందని కేసు కొట్టేశారు. హైతీతో చేసుకున్న ఒప్పందంలో ఫిర్యాదుల పరిష్కారానికి ఒక కమిషన్ పెట్టాలని ఉంది. ఆ కమిషన్‌ను ఎన్నడూ పెట్టలేదు. 2016 డిసెంబర్ 1న, పదవి దిగిపోయే నెలలో, ఐరాస ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ క్షమాపణ చెప్పారు. 40 కోట్ల డాలర్లతో ప్రణాళిక ప్రకటించారు. సభ్యదేశాలు అందులో ఇచ్చింది చాలా కొద్ది.

ఈ మినహాయింపు సంగతి హైదరాబాద్‌కు కొత్త కాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1972లో వచ్చింది. 1947 నాటి ఐరాస హక్కులు, మినహాయింపుల చట్టం కింద కేంద్రం దానికి రక్షణ ఇచ్చింది. అది సహాయ సంస్థ కాదు, మెట్టపంటల పరిశోధన కేంద్రం. జొన్న, కంది, శనగ విత్తనాల్లో అది చేసిన మేలు తెలంగాణ రైతులకు తెలుసు. అయితే ఉద్యోగం పోయిన సిబ్బంది న్యాయం కోసం హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, అది రాజ్యాంగం పన్నెండో అధికరణ కింద రాజ్యం కాదు, దాని మీద రిట్ చెల్లదని 2003లో సుప్రీంకోర్టు తేల్చింది. గేటు ముందు జాతీయ రహదారి మీద బస్సులు నడిపే ఆర్టీసీ మీద కార్మికుడు రిట్ వేయగలడు, గేటు లోపలున్న సంస్థ మీద వేయలేడు. ఇలాంటి రక్షణకు కారణం ఉంది. ప్రతి దేశపు ప్రభుత్వమూ తమకు నచ్చని అంతర్జాతీయ అధికారిని కోర్టుకీడిస్తే ఏ యుద్ధభూమిలోనూ పని సాగదు. కానీ బయట కోర్టు లేనప్పుడు లోపల న్యాయం గట్టిగా ఉండాలి కదా. ఆ లోపలి ఏర్పాటు ఎంత బలహీనమో హైతీ బాధితులకు అర్థమైంది.

డబ్బు విషయంలో కూడా లోపలి కాపలా అంతంతమాత్రమే. ఇరాక్‌లో ఆంక్షల కాలంలో చమురు అమ్మి ఆహారం కొనుక్కోవడానికి ఐరాస నడిపిన చమురుకు ఆహారం పథకంలో సద్దాం ప్రభుత్వానికి 180 కోట్ల డాలర్ల దాకా ముడుపులు ముట్టాయని 2005లో దానిపై విచారణ జరిపిన వోల్కర్ కమిటీ చెప్పింది. రెండు వేలకు పైగా కంపెనీలు ఇందులో ఉన్నాయి. ఆ నివేదికలో పేరు రావడంతో మన విదేశాంగ మంత్రి నట్వర్ సింగ్ పదవి పోవడం ఇక్కడివాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆయన ఆరోపణను ఖండించారు. 2022లో ఐరాస తరఫున ప్రాజెక్టులు నిర్వహించే సంస్థ యూఎన్‌ఓపీఎస్ వంతు వచ్చింది. పేదలకు ఇళ్లు కట్టించడం వంటి పనులకని దాదాపు ఆరు కోట్ల డాలర్లు ఒకే వ్యాపారికి సంబంధించిన కంపెనీల చేతిలో పెట్టారు, ఒక్క ఇల్లూ లేవలేదు. అధిపతి గ్రెటే ఫారెమో రాజీనామా చేశారు.

కుంభకోణాలు పత్రికలకెక్కుతాయి, అలా కొన్నయినా సర్దుకుంటాయి. రోజువారీ అబద్ధం మాత్రం జాబితాల్లో ఉంటుంది, అక్కడ ఎవరూ తొంగిచూడరు. ఎంతమంది బాధితులున్నారన్న అంకె మీదే డబ్బు వస్తుంది కాబట్టి అంకె పెరగడమే అందరికీ లాభం. ఆతిథ్యమిచ్చే ప్రభుత్వానికి, సహాయ సంస్థకు, పంచే గుత్తేదారుకు, ఒక్కోసారి బాధితులకు కూడా. 2018లో ఉగాండాలో శరణార్థులను వేలిముద్రలతో మళ్లీ లెక్కిస్తే 14 లక్షలనుకున్నవాళ్లు 11 లక్షల దగ్గర ఆగారు. 1994లో రువాండా నుంచి పొరుగు దేశం జైర్ (నేటి కాంగో)లోని గోమాకు వచ్చినవాళ్ల శిబిరాల్లో మారణకాండ జరిపిన నాయకులే జనసంఖ్య పెంచి చెప్పి రేషన్ పంపిణీని చేతిలో పెట్టుకున్నారు. హంతకులకు కూడు పెడుతున్నామని అంతర్జాతీయ వైద్య సహాయ సంస్థ ఎమ్‌ఎస్‌ఎఫ్ ఫ్రెంచ్ విభాగం ఆ ఏడాది నవంబర్‌లో శిబిరాల నుంచి బయటికి వచ్చేసింది. అలా వచ్చినవాళ్లు తక్కువ.

జాబితా రాయడం ఎంత చిక్కో తెలుసుకోవడానికి ఉగాండా దాకా పోనక్కర్లేదు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ మునిగినప్పుడు, బాలాపూర్ గుర్రం చెరువు తెగి హఫీజ్‌బాబానగర్ నీళ్లలో నిలబడినప్పుడు, ముంపు కుటుంబానికి పదివేలు చొప్పున ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించి 550 కోట్లు కేటాయించింది. మంచి నిర్ణయమే. బియ్యం, దుప్పట్లకన్నా నగదు మేలని సహాయ సంస్థలన్నీ ఇప్పుడు ఒప్పుకుంటున్నాయి. కానీ డబ్బును ఖాతాల్లో కాకుండా నేరుగా చేతికిచ్చారు. ఏ ఇంట్లోకి నీళ్లొచ్చాయో తేల్చే జాబితా ఎవరిదన్న ప్రశ్న మొదటి రోజు నుంచే లేచింది. మునగనివాళ్లకు వచ్చిందని, మునిగినవాళ్లకు రాలేదని, స్థానిక నాయకులు సగం కోసుకున్నారని సర్కిల్ ఆఫీసుల ముందు జనం బైఠాయించారు. తర్వాత మీసేవలో దరఖాస్తు పెట్టుకోమంటే కేంద్రాల ముందు తెల్లారకముందే క్యూలు కట్టారు. జీహెచ్‌ఎంసీ ఎన్నికలు దగ్గరపడటంతో నవంబర్ 18న ఎన్నికల సంఘం పంపిణీ ఆపించింది. డిసెంబర్‌లో మళ్లీ మొదలైంది.

ఇంత గొడవ జరగడమే ఒక రకంగా ఈ నగరం అదృష్టం. పదివేలు రాని మనిషి సర్కిల్ ఆఫీసు ముందు కూర్చోగలిగాడు. కార్పొరేటర్ పేరు అతనికి తెలుసు, డిసెంబర్ 1న ఓటేసే అవకాశం ఉంది, టీవీ మైకు ముందుకొచ్చింది. అంతర్జాతీయ సాయం పుచ్చుకునే మనిషికి వీటిలో ఏదీ లేదు. జెనీవాలో కూర్చున్న అధికారిని ఓడించే ఓటు అతని దగ్గర లేదు.

అందుకే అక్కడ తప్పు బయటపడ్డాక దిద్దే తీరు కూడా తలకిందులుగా ఉంటుంది. 2023లో ఇథియోపియాలో గోధుమలు పెద్దఎత్తున పక్కదారి పడుతున్నాయని తేలింది. అమెరికా జెండా ముద్ర ఉన్న సంచులు బజార్లో అమ్ముడయ్యాయి. జూన్‌లో యూఎస్‌ఎయిడ్, ప్రపంచ ఆహార కార్యక్రమం దేశమంతటా పంపిణీ నిలిపేశాయి, నెలల తర్వాత దశలవారీగా మళ్లీ మొదలుపెట్టాయి. కరువు కూడా తోడై, అంతకు ముందటి కొన్ని నెలల్లో టిగ్రాయ్, అమ్హారా ప్రాంతాల్లో దాదాపు 400 మంది ఆకలితో చనిపోయారని 2024 జనవరిలో ఆ దేశపు అంబుడ్స్‌మన్ చెప్పారు. తిన్నది అధికారులు, సైనికులు, వ్యాపారులు. శిక్ష పడ్డది అసలు సంచీ అందనివాళ్లకే. డబ్బిచ్చే దేశం కోణంలో మాత్రం ఇది కచ్చితమైన జవాబుదారీతనం, పన్ను చెల్లించేవాళ్ల సొమ్ము వృథా కాకుండా ఆపారు.

ఇలాంటి చోట నిజం చెప్పడం ఖరీదైన పని. ఆ ఖరీదు కట్టినవాళ్లు కొద్దిమంది ఉన్నారు. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత ప్రపంచమంతా జేబులు ఖాళీ చేసుకుంటున్న వేళ, 2005 జనవరి మొదట్లోనే ఎమ్‌ఎస్‌ఎఫ్ ఒక ప్రకటన చేసింది. సునామీకి తాము చేయగల పనికి సరిపడా డబ్బు వచ్చేసింది, ఇక ఈ పేరుతో పంపొద్దు అని. అప్పటికే ఎక్కువ ఇచ్చినవాళ్లకు రాసి, ఆ సొమ్మును వేరే సంక్షోభాలకు వాడుకోవచ్చా, వెనక్కి ఇమ్మంటారా అని అడిగింది. అత్యధికులు వాడుకోమన్నారు. తోటి సంస్థలు మాత్రం మండిపడ్డాయి. దాతల ఉత్సాహం చల్లారుతుందని వాళ్ల భయం. నిజం చెప్పినందుకు దాతలు కోప్పడలేదు, తోటివాళ్లు కోప్పడ్డారు. ఈ రంగం మనస్తత్వం గురించి ఇంతకన్నా వేరే ఉదాహరణ అక్కర్లేదు.

తర్వాతి కాలంలో మరికొందరు ఆ దారిలో నడిచారు. ఎబోలా సమయంలో గినీ, సియెరా లియోన్, లైబీరియాల్లో కలిపి దాదాపు 60 లక్షల డాలర్లు మోసాల్లో పోయాయని రెడ్‌క్రాస్ సమాఖ్య 2017లో ఒప్పుకుంది. సెల్‌ఫోన్ల ద్వారా నేరుగా నగదు పంపే గివ్‌డైరెక్ట్‌లీ, కాంగోలో తమ సొంత సిబ్బందిలో కొందరే కూడబలుక్కుని దాదాపు తొమ్మిది లక్షల డాలర్లు కొట్టేశారని 2023లో స్వయంగా ప్రకటించింది. దొంగలకు చోటిచ్చిన లోపం ఎక్కడుందో కూడా వివరించింది. యుద్ధం నడుస్తున్న చోట వాహనాల్లో, చీకటి రోడ్ల మీద, చెక్‌పోస్టుల గుండా సరుకు తీసుకెళ్లే సంస్థ ఏటా మోసం సున్నా అని రాస్తే దాన్ని ఎంత నమ్మొచ్చో ఆలోచించుకోవచ్చు. అయినా దాత ప్రభుత్వాలు మోసాన్ని ఏమాత్రం సహించబోమని ఒప్పందాల్లో రాయించుకుంటాయి. పోయిన ప్రతి రూపాయీ సంస్థే కట్టాలంటాయి. ఆ షరతుతో మోసం తగ్గదు, మోసం గురించి రాయడం తగ్గుతుంది. పెద్ద సంస్థ ఆ షరతును యథాతథంగా కింద ఉన్న చిన్న స్థానిక సంస్థ మెడకు కడుతుంది. నష్టమొస్తే మునిగేది ఆ చిన్న సంస్థ.

మనుషుల మీద జరిగే నేరాల దగ్గరికి వస్తే పరిస్థితి ఇంకా దారుణం. పశ్చిమాఫ్రికా శిబిరాల్లో తిండి కోసం ఆడపిల్లల శరీరాలు అడుగుతున్నారని 2002లోనే బయటపడింది, 2003లో ఐరాస కఠిన నియమాలు తెచ్చింది. హైతీలో సహాయ సంస్థ ఆక్స్‌ఫామ్ ఉద్యోగులు 2011లో చేసిన ఇలాంటి పనులు లండన్ పత్రికలో అచ్చయ్యేసరికి 2018 వచ్చింది. కాంగోలో ఎబోలా పనికి వెళ్లినవాళ్లపై ఇలాంటి ఆరోపణలు విచారించడానికి డబ్ల్యూహెచ్‌ఓ నియమించిన స్వతంత్ర కమిషన్ 2021లో 83 మంది నిందితులను గుర్తించింది. వాళ్లలో 21 మంది ఆ సంస్థ నియమించుకున్నవాళ్లే. ఫిర్యాదు చేయాల్సిన డెస్కు, రేషన్ కార్డు ఇచ్చే డెస్కు ఒకే డేరాలో ఉన్నంతకాలం ఏ ఆడపిల్లా నోరు విప్పదు. లోపలి మనిషి విప్పితే ఏమవుతుందో ఐరాస మానవ హక్కుల అధికారి ఆండర్స్ కోంపాస్ కథ చెబుతుంది. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో ఫ్రెంచ్ సైనికులు పిల్లలపై చేసిన అఘాయిత్యాల నివేదికను ఆయన 2014లో ఫ్రెంచ్ అధికారులకు అందించారు. ఐరాస ఆయన్నే సస్పెండ్ చేసి విచారించింది. తప్పు లేదని తేలాక, 2016లో ఆయనే వెళ్లిపోయారు.

హైదరాబాద్‌లో అంతర్జాతీయ వ్యవస్థ నీడ కింద నేరుగా బతికేవాళ్లు బాలాపూర్, బార్కస్ ప్రాంతాల రోహింగ్యాలు. కొన్ని వేలమంది ఉన్నారు. చిత్తుకాగితాలు, ఇనుము ఏరి అమ్మేవాళ్లు, దినకూలీలు. భారత్ 1951 శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు కాబట్టి వాళ్ల చేతిలో ఉన్న గుర్తింపు ఐరాస శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ కార్డే. కార్డు ఇవ్వాలా వద్దా అన్నది ఆ సంస్థ తేలుస్తుంది. కాదంటే అప్పీలు కూడా ఆ సంస్థలోనే ఇంకో అధికారి దగ్గరికి వెళ్తుంది. ఆ నిర్ణయాన్ని బయటి ఏ కోర్టూ సాధారణంగా తిరగదోడదు. అదే సమయంలో ఆ కార్డును గుర్తించాలన్న చట్టం ఈ దేశంలో లేదు కాబట్టి, అది ఉన్నా పోలీసులు అక్రమ వలసదారు అనొచ్చు. ఇటు ప్రభుత్వం, అటు ఐరాస. రెండింటిలో ఏదీ ఆ కుటుంబానికి జవాబు చెప్పాల్సిన పని లేదు. బంగ్లాదేశ్‌లో ఉన్న రోహింగ్యాల వేలిముద్రలు, ఫొటోలు వాళ్లు పారిపోయి వచ్చిన మయన్మార్ ప్రభుత్వానికే అందాయని 2021లో హ్యూమన్ రైట్స్ వాచ్ బయటపెట్టింది. చాలామందిని సరిగ్గా అడగకుండా ఆ వివరాలు తీసుకున్నారని చెప్పింది. యూఎన్‌హెచ్‌సీఆర్ తాము అనుమతి తీసుకున్నామంది. శరణార్థి నిజంగా కాదనగల పరిస్థితిలో ఉన్నాడా అన్న ప్రశ్నకు రెండు వైపులా రుజువు చూపడం కష్టం.

ప్రభుత్వాలు పగ్గాలు బిగిస్తే సరిపోతుందని కొందరంటారు. భారత్ బిగించే చూసింది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ఎమర్జెన్సీలో, 1976లో వచ్చింది, 2010లో కొత్త రూపం తీసుకుంది, 2020 సవరణతో ఇంకా గట్టిపడింది. విదేశీ సొమ్మంతా ముందుగా ఢిల్లీలోని స్టేట్‌బ్యాంక్ శాఖ ఒక్కదాంట్లోనే పడాలి. నిర్వహణ ఖర్చు యాభై శాతం నుంచి ఇరవైకి తగ్గింది. విదేశీ నిధి తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. కాగితం మీద ఇదంతా పారదర్శకతే. ఆచరణలో హైదరాబాద్‌లో ఆఫీసున్న పెద్ద సంస్థ ఆదిలాబాద్ గూడేల్లో పనిచేసే చిన్న సంఘానికి నిధి అందించే దారి మూసుకుపోయింది. పంపిణీ పర్యవేక్షించే మనిషి జీతం, లెక్కలు చూసే అకౌంటెంటు జీతం ఎక్కువగా ఆ ఇరవై శాతంలోకే వస్తాయి కాబట్టి కోత ముందు కాపలా మీదే పడింది. లెక్కలు హోంశాఖకు చేరతాయి. గూడెంలో చదివి వినిపించాలని చట్టంలో లేదు.

నిర్వహణ ఖర్చు తక్కువ ఉన్న సంస్థే మంచిదన్న అభిప్రాయం దాతల్లో బలంగా ఉంది. అమీర్‌పేటలో ఐటీ ఉద్యోగి నెలకు వెయ్యి పంపేటప్పుడైనా, ఓస్లోలో ప్రభుత్వం కోట్లు ఇచ్చేటప్పుడైనా అదే లెక్క. తనిఖీకి డబ్బు ఖర్చవుతుందన్న మాట ఎవరికీ రుచించదు. 2016లో మానవతా సాయంపై ఇస్తాంబుల్‌లో జరిగిన శిఖరాగ్రంలో పెద్ద దాతలు, సంస్థలు కలిసి 2020 నాటికి నాలుగో వంతు నిధులు వీలైనంత నేరుగా స్థానిక సంస్థలకు ఇస్తామన్నాయి. గడువు దాటినా నేరుగా వెళ్లేది అందులో చిన్న పిసరే. లెక్కలు సరిగా రాయలేరని స్థానికులపై అనుమానం. యూఎన్‌ఓపీఎస్ లెక్కలు రాసింది మాత్రం స్థానికులు కాదు.

2025లో ఈ వ్యవస్థకు పెద్ద దెబ్బ తగిలింది. ఐరాస మానవతా విభాగం ఆ ఏడాదికి అడిగింది 4,700 కోట్ల డాలర్లకు పైగా. జూన్‌కల్లా ప్రాణాలు కాపాడే పనులకే పరిమితమై 2,900 కోట్లకు కుదించుకుంది. జూలై 1తో యూఎస్‌ఎయిడ్ కథ ముగిసింది. అంతకు ముందు ఫిబ్రవరిలో, నిధుల నిలిపివేత వల్ల 48.9 కోట్ల డాలర్ల ఆహారం పాడయ్యే ప్రమాదముందని ఆ సంస్థ తనిఖీ అధిపతి పాల్ మార్టిన్ కార్యాలయం నివేదిక ఇచ్చింది. మర్నాడే ఆయన్ను తీసేశారు. అవినీతిని అరికట్టడానికే సాయం ఆపామని చెప్పిన ప్రభుత్వం ముందుగా సాగనంపిన వాళ్లలో ఆడిటర్ ఒకరు.

మరి కింది మనిషికి లెక్క చెప్పే పద్ధతి ఎక్కడైనా పనిచేసిందా? తెలుగు నేల మీద కొంత పనిచేసింది. ఉపాధి హామీ చట్టం పదిహేడో సెక్షన్ సామాజిక తనిఖీని తప్పనిసరి చేసింది. రాజస్థాన్‌లో జనం చేసిన పోరాటాల్లోంచి పుట్టిన ఆలోచన అది. దాన్ని ప్రభుత్వ యంత్రాంగంగా మార్చి రాష్ట్రమంతటా నడిపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. 2006లో మొదలుపెట్టి, 2009లో హైదరాబాద్ కేంద్రంగా దానికోసం ప్రత్యేక సొసైటీ పెట్టింది. కూలీల కుటుంబాల్లోంచే చదువుకున్న కుర్రాళ్లను, అమ్మాయిలను తీసుకుని శిక్షణ ఇచ్చారు. సొంత ఊళ్లో కాకుండా పక్క ఊళ్లకు పంపారు. వాళ్లు మస్టర్లు, కొలతల పుస్తకాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఫలానా వారం పనికి వెళ్లావా, ఎంత ముట్టింది అని అడిగారు. చనిపోయినవాళ్లకు హాజరు వేసిన మస్టర్లు దొరికాయి. తవ్వని చెరువుకు కొలతలు రాసిన పుస్తకాలు దొరికాయి. వాటిని గ్రామసభలో, ఆ తర్వాత మండలంలో జరిగే బహిరంగ విచారణలో గట్టిగా చదివారు. ఫీల్డ్ అసిస్టెంటు, టెక్నికల్ అసిస్టెంటు, పోస్టుమాస్టరు అక్కడే, కూలీల ఎదుట లేచి నిలబడి జవాబు చెప్పాలి. సాయం రంగంలోని ఫిర్యాదుల పెట్టెలకు, హెల్ప్‌లైన్లకు లేని బలం ఇక్కడుంది. అడిగే మనిషి ఒంటరిగా ఉండడు, జవాబు నలుగురి ముందు వస్తుంది.

దీన్ని ఆకాశానికెత్తితే అన్యాయమవుతుంది. 2006-2010 మధ్య ఆంధ్రప్రదేశ్ తనిఖీల రికార్డులను ఆర్థికవేత్తలు పరిశీలిస్తే, తప్పులు బయటపడటం బాగానే జరిగినా, తప్పు చేయడానికి భయం పెద్దగా పుట్టలేదని తేలింది. కూలీల మస్టర్లలో సులువుగా దొరికే మోసాలు తగ్గాయి. సిమెంటు, ఇసుక, రవాణా బిల్లుల్లో, ఊరివాళ్లు పట్టుకోలేని చోట, అంతకు మించి పెరిగాయి. రికవరీ ఆదేశాలు చాలావరకు ఫైళ్లలోనే ఉండిపోయాయి. కఠిన శిక్ష పడ్డవాళ్లు అరుదు. కూలికి తన హాజరు తెలుసు, కాబట్టి అక్కడ పట్టుకోగలడు. సిమెంటు బస్తాకు మార్కెట్ ధర ఎంతో, ఎన్ని బస్తాలు దిగాయో అతనికి తెలియదు.

అంతర్జాతీయ సాయానికి ఈ అనుభవం వర్తించేది ఇక్కడే. బాలాపూర్‌లోనో బంగ్లాదేశ్ శిబిరంలోనో కుటుంబాలు తమకు ముట్టిన బియ్యం, నగదు గురించి కచ్చితంగా సాక్ష్యం చెప్పగలవు, అక్కడ బహిరంగ విచారణ పనికొస్తుంది. జెనీవాలో కుదిరే కొనుగోలు ఒప్పందాలు, ఓడ రవాణా ధరలు, కన్సల్టెంట్ల ఫీజులు వాళ్ల కంటికి కనపడవు. పెద్ద మొత్తాలు కదిలేది అక్కడే, కాబట్టి వాటికి వేరే తనిఖీ కావాలి. ఆ తనిఖీదారుల జీతం తనిఖీకి గురయ్యేవాళ్ల చేతిలో ఉండకూడదు. తెలుగు రాష్ట్రాల్లో కూడా ఈ ముడి పూర్తిగా వీడలేదు. తనిఖీ విభాగాలకు నిధులు ఏ శాఖ పథకాన్ని తనిఖీ చేస్తారో ఆ శాఖ నుంచే వస్తాయి. అవి ఆలస్యమైనప్పుడల్లా మండలాల్లో విచారణలు వాయిదా పడతాయి.